ధారణకు పట్టు ఎక్కడ దొరుకుతుంది

గత నెల మా ఊళ్లో జరిగిన ఒక అష్టావధానానికి వెళ్లాను. అందులో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, ఉంటారు. అవధాని ఒక్కో విడతలో, అంటే ఆవృత్తంలో, పద్యాలకు ఒక్కో పాదం చెబుతూ పోయి, చివర్లో ఆ పద్యాలన్నీ గుర్తుంచుకుని అప్పజెప్పాలి. అదే ధారణ. నాలుగు ఆవృత్తాలూ పూర్తయి, అవధాని ధారణకు సిద్ధమవుతుండగా పక్క కుర్చీలో ఉన్న మా బంధువులబ్బాయి మెల్లగా అడిగాడు: "అంతా వీడియో తీస్తున్నారు, పృచ్ఛకులు కూడా ఎప్పటికప్పుడు రాసుకుంటున్నారు. మళ్లీ మొత్తం అప్పజెప్పడం దేనికి?" ఎగతాళిగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాడు.

అదే వారంలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పిల్లల మెమరీ క్లాసుల ప్రకటన ఒకటి వచ్చింది. సంబంధం లేని వస్తువుల పేర్లు వరసగా చదివితే పిల్లలు ఒక్కసారి విని తిరిగి చెప్పేస్తారట. దాంతో మార్కులూ పెరుగుతాయి, క్రియేటివిటీ కూడా పెరుగుతుందట.

గుర్తుంచుకునే పని ఫోనుకు అప్పగించేద్దాం అంటాడు ఆ అబ్బాయి. జ్ఞాపకశక్తికి కసరత్తు చేయిస్తే మిగతావన్నీ వాటంతటవే వస్తాయంటుంది ఆ ప్రకటన. నాకు రెండింటితోనూ పేచీ ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గుర్తుంచుకోవడానికి వాడే ఉపాయం ఆ విద్య లోపలి నుంచే పుట్టినదైతే, నేర్చుకోవడానికీ కొత్తది కట్టడానికీ అదే పనికొస్తుంది. బయటి నుంచి తెచ్చి తగిలించినదైతే అప్పజెప్పడంతోనే దాని పని అయిపోతుంది. ఇది అన్నిచోట్లా నిలబడే మాటేనా అంటే, నాకూ కొన్ని సందేహాలున్నాయి. అవీ చెబుతాను.

ఎనభై అంకెలు, ఆరు అక్షరాలు

ముందు ఆ ప్రకటన సంగతి. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఎరిక్సన్, ఛేజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక మామూలు విద్యార్థికి అంకెలు గుర్తుంచుకోవడంలో శిక్షణ ఇచ్చారు. 1980లో ఆ ఫలితాలు ప్రచురించారు. సెకనుకు ఒక అంకె చొప్పున చదువుతారు, విన్న వరసలో తిరిగి చెప్పాలి. మొదట్లో అందరిలాగే ఏడు అంకెల దాకా చెప్పేవాడు. ఏడాదిన్నర పైగా సాధన చేశాక దాదాపు ఎనభై అంకెలు చెప్పగలిగాడు.

ఎలా చేశాడన్నది అసలు విషయం. ఆ కుర్రాడు పరుగు పందెగాడు. 3492 అని వినిపిస్తే అతనికి అది మైలు పరుగుకు పట్టే టైము, మూడు నిమిషాల నలభై తొమ్మిది పాయింట్ రెండు సెకన్లు. అంకెలన్నిటినీ ఇలా తనకు తెలిసిన టైములుగా మార్చుకుని, వాటిని గుంపులుగా కట్టుకున్నాడు. ఆ తర్వాత అంకెలకు బదులు అక్షరాలు చదివి వినిపించారు. అతని శక్తి మళ్లీ ఆరు అక్షరాల దగ్గరికి పడిపోయింది.

నాకు ఇది చాలా పెద్ద విషయంగా తోస్తుంది. అన్ని నెలల సాధన అతనికి మొత్తంగా ఒక 'జ్ఞాపకశక్తి'ని ఇవ్వలేదు. అంకెలకు మాత్రమే పనికొచ్చే ఒక పట్టును ఇచ్చింది. చదరంగంలోనూ ఇంతే. ఛేజ్, సైమన్ కలిసి 1973లో ప్రచురించిన ప్రయోగంలో, నిజంగా ఆడిన ఆటలోంచి తీసిన బోర్డును అయిదు సెకన్లు చూపిస్తే గొప్ప ఆటగాడు పావులను చాలావరకు తిరిగి పేర్చగలిగాడు. అవే పావుల్ని అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే కొత్తగా నేర్చుకుంటున్నవాడి కన్నా మెరుగేమీ కాలేకపోయాడు. గుర్తుండటానికి కారణం అతని ఆటే. అందుకే సంబంధం లేని వస్తువుల జాబితా ఒప్పజెప్పిన పిల్లవాడికి రేపు రసాయన శాస్త్రం సులువైపోతుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

నీటికి ఎన్ని పేర్లు

ఇక మా బంధువులబ్బాయి ప్రశ్న. దానికి జవాబు సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశంలో దొరికిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

పాతకాలపు చదువుల్లో పిల్లలకు అర్థం తెలిసే లోపే అమరం వల్లె వేయించేవారు. వారి, సలిలం, కమలం, జలం, పయస్సు, కీలాలం, అమృతం, జీవనం, భువనం, వనం. ఇవన్నీ నీటికి పేర్లే, వరసగా శ్లోకంలో ఒదిగి ఉంటాయి. ఒకే వస్తువుకు ఇన్ని పేర్లెందుకు, ఒకటి తెలిస్తే చాలదా అని చిన్నప్పుడు నాకూ అనిపించేది. ఛందస్సు తెలిశాక ఆ జాబితా పూర్తిగా వేరేగా కనిపించింది. పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం గురువు, తక్కువసేపు పట్టేది లఘువు, వాటి గుంపు గణం. 'వారి'లో గురువు, లఘువు. 'సలిలం' అంటే రెండు లఘువులు, గురువు. అది స గణం. 'జీవనం' ర గణం. 'కీలాలం' మూడూ గురువులు, మ గణం. అదే నీరు, కానీ పద్యంలో ఏ ఖాళీ ఉంటే దానికి సరిపోయే పేరు ఒకటి సిద్ధంగా ఉంది. తేటగీతి పాదం 'స'తో మొదలైందనుకోండి, నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి కుదరాలి, అంటే ఆ అక్షరం పాదం మొదటి అక్షరంతో పొసగాలి. సలిలం కుదురుతుంది. స, జలకు యతి మైత్రి ఉంది కాబట్టి జలం కూడా కుదురుతుంది. అక్షరాలను నిషేధిస్తూ పోయే నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు జకారం వద్దన్నాడా, జలమూ జీవనమూ పోయాయి. వారి, సలిలం, కీలాలం ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇది ఫోనులో వెతికే పని కాదు. అవధానికి అక్కడ ఉన్న వ్యవధి తక్కువ అన్నది ఒక్కటే కారణం కాదు. వెతకాలంటే ఏం కావాలో ముందే తెలిసి ఉండాలి. పద్యం కడుతున్నప్పుడు ఏం కావాలో తెలిసేదే ఆ మాట మనసులో మెదిలాక. 'జీవనం' అంటే నీరు అని తలలో ఉన్నవాడికే, ఎండిపోయిన చెరువు మీద పద్యం చెబుతుండగా బతుకుకూ నీటికీ ఒకే మాట ఉందని తడుతుంది. శ్లేష అక్కడే పుడుతుంది.

గణాల పేర్లు గుర్తుంచుకోవడానికి మనకున్న సూత్రం చూడండి: యమాతారాజభానసలగం. బడిలో దీన్ని వినని తెలుగువాళ్లు తక్కువ. 'య' దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకుంటే యమాతా, అంటే ఒక లఘువు, రెండు గురువులు. అదే య గణం స్వరూపం. ఒక్క అక్షరం జరిగితే మాతారా, మ గణం. ఇంకో అక్షరం జరిగితే తారాజ, త గణం. ఇలా చివర సలగం దాకా ఎనిమిది గణాలూ వస్తాయి. గణం పేరు, గణం ఆకారం రెండూ అదే మాటలో ఉన్నాయి. ఇంద్రధనుస్సు రంగులకు మనం నేర్చుకునే విబ్‌జియార్‌తో పోల్చి చూడండి. అందులో రంగుల పేర్ల మొదటి అక్షరాలున్నాయి తప్ప, ఊదా ఒక చివరా ఎరుపు ఇంకో చివరా ఎందుకున్నాయో దాని నుంచి ఎంత లాగినా రాదు. యమాతారాజభానసలగం తెలిసినవాడు మరచిపోయిన గణాన్ని మళ్లీ కట్టుకోగలడు.

అవధానంలో ధారణ ఎందుకన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదీ. మొదటి ఆవృత్తంలో ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి, మిగతా ఏడుగురి దగ్గరికీ వెళ్లి, అప్రస్తుత ప్రసంగానికి, అంటే మధ్యలో అడిగే సంబంధం లేని ప్రశ్నలకు, జవాబులిచ్చి, మధ్యలో మోగించే గంటలు లెక్కపెట్టుకుని మళ్లీ వచ్చి రెండో పాదం చెప్పాలి. ఆ రెండో పాదానికి ప్రాస అక్షరం, అంటే పాదంలో రెండో అక్షరం, మొదటి పాదమే నిర్ణయించేసింది. వాక్యం సగంలో ఆగి ఉంది, కర్త అక్కడ ఉంది, క్రియ ఇంకా రాలేదు. ఆ సగం పద్యం తలలో లేకపోతే మిగతా సగం పుట్టదు. అంటే ధారణ చివర్లో చేసే విన్యాసం కాదు, మొదటి ఆవృత్తం నుంచీ పద్యాన్ని కట్టింది అదే. చివర్లో మనం వినేది అంతసేపూ లోపల జరిగిన పనిని. దాన్ని వీడియో చేసి పెట్టలేదు.

ఇంకో సంగతి. ఇలా మధ్యమధ్యలో వదిలేసి మళ్లీ గుర్తుచేసుకోవడం నేర్చుకోవడానికి ఎంత మంచిదో ఈ మధ్యకాలపు పరిశోధనలు చెబుతున్నాయి. రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, ఆపైన పుస్తకం చూడకుండా మూడుసార్లు గుర్తు చేసుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత వాళ్లకు గుర్తున్నది 40 శాతం, గుర్తు చేసుకుని రాసినవాళ్లకు 61 శాతం. రేపు పరీక్ష అనగా పుస్తకం తిరగేసే పిల్లలకు అంతా వచ్చినట్టే అనిపిస్తుంది, పై వారానికి ఏమీ మిగలదు. మన పంతుళ్లు "పుస్తకం మూసి చెప్పు" అనడంలో అర్థం ఉంది.

మరి ఆ పద్యాలు కవిత్వమేనా

ఇక్కడ నన్ను ఎవరైనా నిలదీయొచ్చు. అవధాన పద్యాల్లో ఎన్ని మనకు గుర్తున్నాయి? సభలో చప్పట్లు కొట్టి, మెట్లు దిగేలోపు మరచిపోయేవే ఎక్కువ. ఈ విమర్శ కొత్తది కాదు, అన్యాయమూ కాదు. సమస్యా పూరణల్లో చాలావాటిలో చమత్కారమే ఉంటుంది. ధారణ కవిత్వాన్ని ఇస్తుందని నేను అనను.

అయితే తిరుపతి వెంకట కవులను తలచుకోండి. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి. ఊరూరా తిరిగి అష్టావధానాలూ శతావధానాలూ చేసిన జంట. వాళ్ల పద్యాల్లో జనం నోట మిగిలినవి అవధానాల్లోవి కావు, తీరిగ్గా రాసిన పాండవోద్యోగ విజయాల నాటకాల్లోవి. చదువురాని నటులు కూడా విని నేర్చుకుని, హార్మోనియం శ్రుతికి రాగం తీసి పాడారు. విన్నవాళ్లు పొలాల్లో పాడుకున్నారు. ఎదుటి మనిషిని నిలబెట్టి మాట్లాడుతున్నట్టుండే ఆ పద్యాల్లో మాట ఎక్కడా తడుముకోదు, యతి కోసం తెచ్చిపెట్టిన పదం అరుదు. అంత చనువు మాటలతో కుదరడానికి ఏళ్ల తరబడి సభల్లో చేసిన ధారణ సాయపడలేదని నేను అనుకోలేను. రుజువు చేయమంటే చేయలేను. కానీ నమ్ముతున్నాను.

పేరులోనే సంఖ్య

కర్ణాటక సంగీతంలో ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఉంది. 72 మేళకర్తల, అంటే మూల రాగాల, పేర్లలో మొదటి రెండు అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే కటపయాది పద్ధతిలో సంఖ్యను చెబుతాయి. అంకెల్ని తిప్పి చదువుకోవాలి. తోడికి ముందు హనుమ, కల్యాణికి ముందు మేచ, శంకరాభరణానికి ముందు ధీర చేర్చింది అందుకే. 'ధీ' తొమ్మిది, 'ర' రెండు, తిప్పితే 29. ఆరేసి మేళాలకు ఒక చక్రం. 29 అయిదో చక్రంలో అయిదోది. అయిదో చక్రం కాబట్టి చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం. అందులో అయిదోది కాబట్టి చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. 36 దాటలేదు కాబట్టి శుద్ధ మధ్యమం. దీనికి 36 కలిపితే 65, మేచకల్యాణి, ప్రతి మధ్యమం ఒక్కటే తేడా.

మా అమ్మాయికి వాళ్ల టీచర్ ఇది నేర్పినప్పుడు, పట్టిక బట్టీ పట్టక్కర్లేదని తెలిసి ఎగిరి గంతేసింది. ఆ సాయంత్రమే తను ఎప్పుడూ వినని మేళాల పేర్లు అడిగి మరీ స్వరాలు లెక్కగట్టి, వచ్చినవి పాడటానికి ప్రయత్నించింది. స్వరాలు ఒకదానికొకటి పొసగని వివాది మేళాలు గొంతుకు పట్టుబడక విసుక్కుంది కూడా. ఒక జ్ఞాపక సూత్రం పిల్లను తెలియని చోటికి తీసుకెళ్లడం అంటే నా దృష్టిలో ఇదే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టారు. అందులో ఎవరూ పాడని రాగాలు ఎన్నో. ఆ చట్రమే లేకపోతే వెళ్లని దారులు ఉన్నాయన్న సంగతే తెలిసేది కాదు.

కానీ ఇక్కడే ఒక అడ్డు ఉంది, దాన్ని దాటవేయకూడదు. పేరు నుంచి స్వరాలు వస్తాయి గాని రాగం రాదు. తోడి గాంధారం ఎలా ఊగాలో ఏ సంఖ్యా చెప్పదు. ఆనందభైరవి లాంటి రాగానికైతే ఆరోహణ అవరోహణ రాసిస్తే దాని ముఖమే కనిపించదు, పాటలు విని విని పట్టుకోవాల్సిందే. టీచర్ మా అమ్మాయితో అన్న మాట నాకు బాగా నచ్చింది: "లెక్క వచ్చింది కదా, ఇక పది కీర్తనలు నోటికి వస్తే రాగం వస్తుందమ్మా." లోపలి నుంచి వచ్చిన ఉపాయానికి కూడా హద్దుంటుంది. అది దాటాక మిగిలేది వినడం, పాడటం.

మార్చనివ్వని ధారణ

నా వాదానికి గట్టి ఎదురుదెబ్బ వేదపాఠం నుంచి వస్తుంది. జట పాఠంలో మొదటి రెండు పదాలను ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు చెబుతారు. ఘనలో మూడో పదం కూడా చేరి అల్లిక ఇంకా చిక్కబడుతుంది. అర్థంతో పని లేదు. వెనక్కి తిప్పిన మాటల వరసకు అర్థమేముంటుంది? ఒక్క స్వరం, ఒక్క అక్షరం మారకుండా కాపాడటమే లక్ష్యం. కొత్తది పుట్టకూడదన్నదే ఆ ధారణ నియమం. అంటే ఎంత లోతైన జ్ఞాపక విద్య అయినా సృజనకు దారి తీస్తుందనేం లేదన్నమాట.

చాలా రోజులు దీని దగ్గర ఆగిపోయాను. తర్వాత గమనించిన సంగతి: మంత్రాన్ని విడి పదాలుగా విరిచి చెప్పే పదపాఠం పక్కన, కలిపి చెప్పే సంహితను పెట్టి, రెంటి మధ్య సంధులు ఎలా జరుగుతున్నాయో సూత్రాలుగా రాసినవే ప్రాతిశాఖ్యలు. కాపాడటం కోసం విరిచారు, విరిచేసరికి భాష కీళ్లు కనిపించాయి. మంత్రం మారలేదు, కానీ దాని పక్కన ఒక కొత్త శాస్త్రం పుట్టింది. ఇది నా వాదాన్ని పూర్తిగా కాపాడుతుందని చెప్పను. జట, ఘన నేర్చిన వేలమందిలో ఎక్కువమంది జీవితమంతా కాపాడటంలోనే గడిపారు. అది తక్కువ పనేమీ కాదు. అయితే దాన్ని సృజన అనలేం.

టీ కప్పులు

ఇంటర్ చదివే మా అక్క కొడుక్కి త్రికోణమితిలో ఏ పాదంలో (వృత్తంలో నాలుగో వంతులో) ఏది ధనాత్మకమో "ఆల్ సిల్వర్ టీ కప్స్"తో (అన్నీ, సైన్, టాన్, కాస్) గుర్తుంది. మనందరికీ అలాగే గుర్తుంది. రెండో పాదంలో సైన్ ఒక్కటే ఎందుకు ప్లస్ అని అడిగితే "సిల్వర్ కదా పిన్నీ" అన్నాడు. కాగితం మీద వృత్తం గీసి, సైన్ అంటే ఎత్తు, కాస్ అంటే పక్కకు జరిగిన దూరం, టాన్ అంటే మొదటిదాన్ని రెండోదానితో భాగించడం అని చూపించాను. పై సగంలో ఎత్తు ప్లస్, ఎడమ సగంలో దూరం మైనస్. మూడో పాదంలో రెండూ మైనస్ కాబట్టి భాగిస్తే టాన్ ప్లస్. కాసేపు చూసి, "అయితే మైనస్ 120 డిగ్రీలకు సూత్రం అక్కర్లేదు, కిందివైపు తిప్పితే మూడో పాదమే" అని తనే అన్నాడు. ఆ వృత్తం తలలో ఉన్నవాడికి కప్పులు అక్కర్లేదు.

ఈ కథ చెబితే డాక్టరుగా పనిచేస్తున్న నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. "నీకేం, లెక్కలకు లోపల కారణం ఉంటుంది. పన్నెండు కపాల నాడుల పేర్లకు ఏ కారణం వెతుకుతావ్? ఆ పిచ్చి ఇంగ్లిష్ వాక్యం లేకపోతే నేను ఫస్టియర్ గట్టెక్కేదాన్నే కాదు" అంది. నిజమే. పేర్ల వరసకు లోపల పట్టు చాలాసార్లు దొరకదు. పరీక్ష ముందున్న పిల్లవాడికి ఎక్కడి నుంచి తెచ్చిన పట్టయినా పట్టే, ఆ టెన్షన్‌లో అది వద్దనడం నాకు న్యాయంగా తోచదు. ఇప్పుడు రోగి ముందు కూర్చున్నప్పుడు ఆ వాక్యం గుర్తొస్తుందా అని అడిగాను. "లేదు. కన్ను బయటివైపు తిరగడం లేదంటే ఆరో నాడి అని ఆ ముఖమే చెప్పేస్తుంది" అంది. ఆ వాక్యం తనను ఆ ముఖం దాకా చేర్చింది, అక్కడితో దాని అవసరం తీరింది. బయటి ఉపాయాలను వాడటం తప్పు కాదు, వాటితోనే చదువు ముగించడం తప్పు అన్నంతవరకు నా మాట సవరించుకుంటాను.

లోపల పట్టు లేదనుకున్న చోట కూడా కాస్త ఓపిగ్గా వెతికితే దొరకడం నాకు చాలాసార్లు అనుభవం. మా అక్క కూతురు సోషల్‌లో తేదీలు గుర్తుండటం లేదని ఏడుపు ముఖం పెట్టుకుని కూర్చుంది. తేదీలు పక్కన పెట్టి, ఏది జరిగితే ఏది జరిగిందో చెప్పుకున్నాం. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మరణం. నాలుగు రోజులకు, 19న ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటన. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం. వీళ్లకు ఇచ్చారు కదా అని మిగతా భాషలవాళ్లు అడగకుండా ఉంటారా? అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రాల పునర్విభజన కోసం ఫజల్ అలీ కమిషన్. 1955లో నివేదిక. 1956 నవంబరు 1న తెలంగాణ ప్రాంతం కూడా కలిసి ఆంధ్రప్రదేశ్. ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చినట్టు చెప్పేసరికి, పుస్తకం మూసి తనే తిరిగి చెప్పింది. అక్టోబరు దగ్గర ఒక్కచోట ఆగి, "నెహ్రూ చెప్పాక కొన్ని నెలలు పడుతుంది కదా" అనుకుంటూ పట్టుకుంది.

కర్ణాటక (అప్పటి పేరు మైసూరు), కేరళ కూడా ఆ నవంబరు 1నే ఏర్పడ్డాయని మాటల్లో నేను అంటే, ఇండియా మ్యాప్ తెచ్చి పరిచింది. "ఒకే రోజు ఇన్ని రాష్ట్రాలంటే, సరిహద్దు ఊళ్లవాళ్లు పొద్దున లేచేసరికి ఏ రాష్ట్రమో వాళ్లకెలా తెలిసింది పిన్నీ? వాళ్లను అడిగారా?" అంది. ఆ ప్రశ్న వాళ్ల పుస్తకంలో పాఠం వెనక లేదు. బళ్లారి ఎక్కడుందో వేలితో వెతకడం మొదలుపెట్టాం.